నా కొలతలకి కుట్టిన ప్రకటన

ఎవరూ చదవకూడదని కోరుకుంటూ పేపర్లో ప్రకటన వేయించేవాళ్ళు ఉంటారంటే మీరు నమ్మకపోవచ్చు. మొరాకోలో, మా కాసాబ్లాంకాలో ఉంటారు. నా ఉద్యోగం అలాంటి ప్రకటన మీదే నిలబడింది. ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలు నేనేదో పెద్ద తెలివైనదాన్ననీ, అందుకే పని వీసా నా కాళ్ళ దగ్గరికొచ్చి పడిందనీ అనుకుంటారు. వాళ్ళ భ్రమ పోగొట్టడం నా బాధ్యత.

నా పేరు తెనిన్ కేయిటా. మాలీలో సికాసో మాది, పత్తి పండే ఊరు. ఇక్కడి బిజినెస్ స్కూల్లో చేరి, అందరిలాగే కన్సల్టింగ్ కంపెనీల మీద కన్నేశాను. పరాయి కంపెనీ ఎందుకు నష్టపోతోందో ఆ కంపెనీవాళ్ళకే చెప్పి డబ్బు తీసుకునే పని అది. మా అమ్మకి ఇలా వివరిస్తే, "ఆ పని సంతలో నేను రోజూ ఊరికే చేస్తున్నాను కదే" అంది.

ఇంటర్వ్యూలు బాగానే సాగేవి. ఒక కంపెనీ చిక్కు చెప్పి విప్పమనేవారు, విప్పేదాన్ని. చేతులు కలిపేవారు, టీ ఇచ్చేవారు. చివర్లో, "మీకు ఇక్కడ పనిచేసే అనుమతి ఉంది కదా?" అనేవారు. లేదు, మీరే ఇప్పించాలి అనగానే టీ చల్లారిపోయేది. మళ్ళీ కబురు చేస్తామనేవారు. ఆ కబుర్లన్నీ ఇంకా దారిలోనే ఉన్నాయి. మా క్లాసులో సెనెగల్ పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళ దేశానికీ ఈ దేశానికీ ఒప్పందం ఉంది కాబట్టి దానికి ఈ తంటా లేదు. మా తమ్ముణ్ణి చేసుకో, నీ బాధ తీరిపోతుంది అని నన్ను ఏడిపించేది. అప్పుడు బాధ మీ తమ్ముడిదవుతుంది అనేదాన్ని.

నేనుండేది బూర్గోన్ పేటలో, లల్లా బతూల్ ఇంటి డాబా మీది గదిలో. ఆ గదిలో ఏళ్ళ తరబడి మాలీ విద్యార్థులే అద్దెకున్నారు. ఒకరు వెళుతూ ఇంకొకరికి తాళం చెవి ఇచ్చి వెళ్ళేవారు. లల్లా భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, జుహైర్. చిన్నప్పటి నుంచి డాబా మీద మావాళ్ళ పళ్ళెంలో చెయ్యి పెట్టి తిన్నవాడు కాబట్టి మా బంబారా భాష వాడికి అన్నంతోపాటే లోపలికి పోయింది. మావాళ్ళు వాడికి కూలిబాలీ అని ఇంటిపేరు కూడా పెట్టారు.

అక్కడే వచ్చింది చిక్కు. మాలీలో కేయిటాలకీ కూలిబాలీలకీ పరాచికాల చుట్టరికం. తాతల నాటిది. ఎదురుపడితే తిట్టుకోవాలి, తిట్టుకుని నవ్వుకోవాలి, కోపం తెచ్చుకోకూడదు. కూలిబాలీని బొబ్బర్లు తినేవాడా అంటే చాలు, లోకమంతా నవ్వుతుంది. కానీ ఆ చుట్టరికంలో ఇంకో నియమం ఉంది. పరాచికం పేరు చెప్పి ఒకరు ఏదైనా అడిగితే రెండోవాళ్ళు కాదనకూడదు. కాదంటే పెద్దవాళ్ళ పరువు పోయినట్టే. జుహైర్ మొరాకో వాడే అయినా ఈ నియమాలన్నీ మాకంటే నిష్ఠగా పాటించేవాడు. పొద్దున్నే మెట్ల మీద కనిపిస్తే, "ఏం కూలిబాలీ, బొబ్బర్లు అరిగాయా?" అనేదాన్ని. "నీ వాటా కూడా తినేశాను కేయిటా, ఆకలితో కాలేజీకి పో" అనేవాడు.

వాడు నాకంటే రెండేళ్ళు పెద్ద. నాకంటే చురుకైనవాడు కూడా. సెత్తాత్‌లో ప్రభుత్వ కాలేజీలో వ్యాపార నిర్వహణలో మాస్టర్స్ చేశాడు. కానీ కన్సల్టింగ్ కంపెనీలకి పారిస్‌లో చదివొచ్చినవాళ్ళంటే మోజు. వాళ్ళు రాగానే తలుపు తెరుస్తారు, జుహైర్ లాంటివాళ్ళని కిటికీలోంచి చూసి పొమ్మంటారు. పోయి పోయి విసిగి, వాడు అర్జీలు పెట్టడమే మానేశాడు. అయినా నా ఇంటర్వ్యూలకి సాధన చేయించింది వాడే. ఆరేసిన దుప్పట్ల మధ్య కుర్చీ వేసుకుని పెద్ద అధికారిలా కూర్చునేవాడు. వీధి చివర హమాంకి స్నానానికొచ్చే ఆడవాళ్ళు తగ్గిపోయారు, ఎందుకో తేల్చు అనేవాడు. నీళ్ళు, కట్టెలు, కొత్తగా ఇళ్ళల్లో వచ్చిన గీజర్లు అంటూ నేను లెక్కలు కట్టేదాన్ని. కింది నుంచి లల్లా, అసలు కారణం అక్కడ ఒళ్ళు రుద్దే మనిషి నోటిదురుసు, ఇంత చదువెందుకు మీకు అని అరిచేది.

చివరికి ఒక కంపెనీ నన్ను తీసుకుంటానంది. మాలీ పత్తి మీద వాళ్ళకేదో పెద్ద పని దొరికింది. ఉద్యోగుల వ్యవహారాలు చూసే మదాం సెబ్తి నన్ను కూర్చోబెట్టి పద్ధతి చెప్పింది. బయటి దేశం మనిషిని తీసుకోవాలంటే ముందు రెండు పేపర్లలో ప్రకటన వెయ్యాలి, ఒకటి ఫ్రెంచిలో, ఒకటి అరబ్బీలో. ఆ పనికి సరిపోయే మొరాకో మనిషి ఎవరూ రాకపోతేనే సర్కారు ధ్రువపత్రం ఇస్తుంది, దానితో వీసా ముద్ర పడుతుంది. వస్తే నా దారి నాది. అందుకని దర్జీ కొలతలు తీసినట్టు, ప్రకటన నా ఒంటికే సరిపోయేలా రాశారు. వ్యాపార నిర్వహణలో మాస్టర్స్, ఫ్రెంచి, ఇంగ్లీషు, పత్తి వ్యాపారం మీద అవగాహన, బంబారా ధారాళంగా.

"కాసాలో బంబారా వచ్చిన మొరాకో వాడు ఎవడున్నాడమ్మా?" అని మదాం సెబ్తి నవ్వింది. నేనూ నవ్వాను. ఉన్నాడు, మా మెట్ల కింద గదిలోనే ఉన్నాడు. కానీ వాడు పేపరు ముట్టి చాలా కాలమైందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లల్లా సంగతి నాకు తట్టనే లేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అదీ లల్లా నేర్పిన బుద్ధే. శుభం చేతికి అందేదాకా నోరు విప్పకు, దిష్టి తగులుతుంది అని రోజుకోసారి చెప్పేది. మా సికాసోలోనూ అదే మాట. కాబట్టి గెలిచినదాన్ని ఓడినదానిలా మొహం పెట్టుకుని తిరిగాను. లల్లా జాలిపడి నాకు రెండు రొట్టెలు ఎక్కువ వేసేది. తేనె పోసిన ఆ రొట్టెలు తింటుంటే కాస్త సిగ్గేసేది, అయినా తినేదాన్ని.

ఒకరోజు ఉదయం లల్లా ఆయాసపడుతూ డాబా ఎక్కింది. ఆవిడ మోకాళ్ళకి ఆ మెట్లు పడవు, ఏదో పెద్ద విషయం ఉంటే తప్ప రాదు. చేతిలో పేపర్లోంచి కత్తిరించిన ముక్క. కొడుకు మానేసినా ఆవిడ మానలేదట. ప్రతి ఉదయం కళ్ళజోడు పెట్టుకుని అరబ్బీ పేపర్లో ఉద్యోగాల పేజీ అడుగు నుంచి పైకి చదువుతుందట. మంచివన్నీ అడుగునే దాస్తారని ఆవిడ నమ్మకం. ఆ విషయంలో ఆవిడ తప్పేమీ లేదు.

"అమ్మాయ్, ఇది చూడు. దేవుడు మావాడి పేరొక్కటే రాయడం మర్చిపోయాడు" అంది.

చూశాను. నా ప్రకటనే. మొరాకో మొత్తం మీద ఒక్కరు చదివారు, ఆ ఒక్కరూ నా ఇంటావిడ.

ఆవిడకి కావలసింది చిన్న సాయం. జుహైర్ బంబారా డాబా మీది బంబారా, అందులో తిట్లు ఎక్కువ. ఇంటర్వ్యూలో మర్యాదగా మాట్లాడేట్టు కాస్త సానబట్టాలి. పత్తి మీ ఊరి పంటే కాబట్టి నాలుగు ముక్కలు అది కూడా చెప్పాలి. "నీకు దక్కని అదృష్టం కనీసం వాడికి దక్కనీ తల్లీ. నీకూ వస్తుంది. దేవుడి దగ్గర కొరత లేదు" అని నా తల నిమిరింది.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ అది తన మాటకే అనుకుని ఇంకోసారి నిమిరింది. అప్పుడు చెప్పేస్తే ఏమయ్యేది? ఆ ముక్క అక్కడే చింపేసేది. ఆవిడ సంగతి నాకు తెలుసు. తెలిసి చెప్పడమంటే చింపమని అడగడమే. కొడుకు బతుకు బాగుపడాలని ఇంతకాలం కళ్ళు పొడుచుకున్న తల్లి చేత ఆ పని ఎలా చేయిస్తాను? చెప్పకపోతే నా కింది కుర్చీ నేనే లాగేసుకుంటున్నట్టు. సరే లల్లా, నేర్పుతాను అన్నాను.

నేర్పాను. ఎలా నేర్పకుండా ఉంటాను, ఆ కుర్చీలో కూర్చుని నాకు నేర్పింది వాడే కదా. పత్తి గింజ తీసే మిల్లులు, వాన ఆలస్యమైతే రైతు చేసే పనులు, కాటా దగ్గర జరిగే మాయలు అన్నీ బంబారాలో చెప్పాను. జుహైర్ ప్రకటనని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఎవరి కోసమో కుట్టినట్టుంది చెల్లీ, మధ్యలో నేను దూరుతున్నానేమో అన్నాడు. టీ వంపుతున్నట్టు తల వంచుకుని, ఎవరు తొడుక్కుంటే వాళ్ళదే చొక్కా అన్నాను.

తర్వాత మదాం సెబ్తి ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి, ఒక పీడ వచ్చిపడిందని చెప్పింది. అన్ని అర్హతలూ ఉన్న కుర్రాడొకడు అర్జీ పెట్టాడు, బంబారా వచ్చని రాశాడు. నిజమో కాదో తేల్చడానికి కంపెనీకి తెలిసినవాళ్ళలో ఆ భాష వచ్చిన మనిషి నేను తప్ప ఎవరూ లేరు. నేనే వచ్చి పరీక్ష పెట్టాలి. "నువ్వు ఏం చెబితే అదే రాస్తానమ్మా" అని ఆ మాటని రెండుసార్లు నొక్కి అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నా కోసమే అంది.

ట్రామ్‌లో కూర్చుని రెండు వాక్యాలు అనుకుంటూ వెళ్ళాను. బాగా మాట్లాడతాడు. అంతంతమాత్రం. రెండోది నోట్లో చక్కగా ఇమిడింది. అది అంటే నేను ఇక్కడే ఉంటాను, చదివిన చదువుకి అర్థం ఉంటుంది, మళ్ళీ ఎవరి ముందూ అనుమతి లేదని తల వంచక్కర్లేదు. దిగేదాకా ఆ రెండో వాక్యాన్నే చప్పరించాను.

జుహైర్ వాళ్ళ నాన్న టై కట్టుకుని వచ్చాడు. టేబుల్‌కి ఇవతల నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. మదాం సెబ్తి మమ్మల్ని ఒకరికొకరు తెలియనివాళ్ళలా పరిచయం చేసి, ఇక బంబారాలో మాట్లాడండి అని కలం తీసుకుని కూర్చుంది.

"రాత్రి క్షేమంగా గడిచిందా, కేయిటా?" అన్నాడు. మా పద్ధతిలో పలకరింపు అలాగే మొదలవ్వాలి.

"క్షేమమే, కూలిబాలీ. పత్తి గురించి చెప్పు."

"పత్తి ఎక్కడికీ పోదు. ఈ చొక్కా నీదా?"

"నాదే. నిన్నటిదాకా. నవ్వుతూ మాట్లాడు, ఆవిడ చూస్తోంది."

వాడు నవ్వాడు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూనే, "నీకు బుద్ధుందా?" అన్నాడు. "మా ఇంటి రొట్టె తింటూ, మా అమ్మ చెబితే నాకు పాఠాలు చెబుతూ, ఈ సంగతి కడుపులో పెట్టుకుని కూర్చున్నావా?"

"చెబితే మీ అమ్మ చింపేసేది."

"చింపేది. చింపాల్సిందే."

"నువ్వు ఇంట్లో కూర్చుని ఎంత కాలమైందిరా? నీకు అర్హత ఉంది. నీ దేశం. నీకు భాష రాదని నేను చెప్పను."

ఏమంటున్నాడు అని మదాం సెబ్తి అడిగింది. వానలు ఆలస్యమైతే దిగుబడి ఎలా పడిపోతుందో చెబుతున్నాడు అన్నాను. చాలా ఆవేశంగా చెబుతున్నాడే అని ఆవిడ మెచ్చుకుంది.

"విను," అన్నాడు జుహైర్ ఈసారి మెల్లగా. "రేపు పేపర్లో పది ప్రకటనలు వస్తాయి. రాకపోతే ఎల్లుండి వస్తాయి. ఉద్యోగం ఇచ్చినా ఇవ్వకపోయినా, వాటన్నిటికీ అర్జీ పెట్టే హక్కు నాకుంది. నీకు ఈ ఊరు మొత్తం మీద ఉన్నది ఇదొక్కటే. నీ కొలతలకి కుట్టిందాన్ని నేను తొడుక్కుని అమ్మ ముందు ఎలా తిరుగుతాను?"

నేను తల అడ్డంగా ఊపాను.

"సరే, అయితే నియమం ప్రకారమే అడుగుతాను. బొబ్బర్లు తినేవాడు కేయిటా ఇంటి ఆడపడుచుని అడుగుతున్నాడు. ఈ ఉద్యోగం చెయ్యి. కాదంటావా?"

కాదనడానికి వీల్లేదు. సికాసోలో మా తాత బతికుంటే నా చెవి మెలిపెట్టి ఒప్పించేవాడు. ఏదో పాత పరాచికం, ఎవరో ఎప్పుడో అన్నం దగ్గర పెట్టిన ఇంటిపేరు, నాకు మొరాకోలో చోటిస్తోంది. కళ్ళనిండా నీళ్ళతో, "నీ బొబ్బర్లు మండా" అన్నాను. ఒప్పుకున్నానని వాడికి అర్థమైంది.

మదాం సెబ్తి నా వైపు తిరిగింది. నేను ట్రామ్‌లో అనుకున్న వాక్యాల్లో మొదటిదే చెప్పాను. బాగా మాట్లాడతాడు, మా ఊరివాళ్ళలాగే మాట్లాడతాడు. ఆవిడ మొహం వాడిపోయింది. నువ్వు ఏం చేస్తున్నావో నీకు తెలుసా అన్నట్టు చూసింది. అప్పుడు జుహైర్ గొంతు సవరించుకుని, ఫ్రెంచిలో, ఈ ఉద్యోగం తనకి వద్దన్నాడు. నెలలో సగం రోజులు మాలీలో ఉండాలట కదా, అక్కడి తిండి తనకి పడదట. ముఖ్యంగా బొబ్బర్లు. ఆ మాట రాసి సంతకం కూడా పెట్టాడు. మదాం సెబ్తి, వాడు మనసు మార్చుకుంటాడేమోనని, సిరా ఆరకుండానే కాగితం లాక్కుంది.

ఇంటికొచ్చి జుహైర్ వాళ్ళమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. సాయంత్రం మళ్ళీ మెట్ల మీద ఆయాసం వినిపించింది. నేను లేచి నిలబడ్డాను. కొడుక్కి అందాల్సింది నా వల్ల పోయింది. తిడితే పడాలి, గది ఖాళీ చెయ్యమంటే చెయ్యాలి అనుకున్నాను.

లల్లా నా మంచం మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. "నాకెందుకు చెప్పలేదు?" అంది.

"మీరే కదా లల్లా, దిష్టి తగులుతుంది, ఎవరికీ చెప్పొద్దన్నారు."

"బయటివాళ్ళకి చెప్పొద్దన్నాను. నేను బయటిదాన్నా? తల్లి దిష్టి తగులుతుందా ఎక్కడైనా?"

ఆవిడకి కోపం వచ్చింది అందుకు. కొడుకు ఉద్యోగం గురించి ఒక్క మాటా అనలేదు. నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఆవిడ తిడుతూనే ఉంది, తిడుతూనే కిందికి వెళ్ళి దిష్టి తీసే హర్మెల్ గింజలు నిప్పుల మీద వేసి తెచ్చింది. నా చుట్టూ, జుహైర్ చుట్టూ తిప్పి, ఇద్దరికీ దగ్గొచ్చేదాకా పొగ పెట్టింది.

జుహైర్‌కి తర్వాత టాంజియర్ రేవులో సరుకు రవాణా కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆ ప్రకటన కూడా లల్లా కత్తిరించిందే, పేజీ అడుగు నుంచే. అందులో నా సాయం ఏమీ లేదు. ఉండుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ అది చాలా తర్వాతి మాట. నా ధ్రువపత్రం వచ్చిన రోజు వాడింకా ఇంట్లోనే ఉన్నాడు.

ఆ రోజు మదాం సెబ్తి ఫోన్ పెట్టేయగానే నేను సికాసోకి ఫోన్ చెయ్యలేదు. మా అమ్మ నన్ను క్షమించాలి. మెట్లు దూకుతూ దిగి, ముందు కింది తలుపు కొట్టాను. లల్లా పిండి కలుపుతోంది. చెప్పాను. ఆవిడ పిండి చేతులతోనే కిటికీ తెరిచి, తల బయటికి పెట్టి, నాలుక ఆడిస్తూ శుభధ్వని చేసింది. పెళ్ళిళ్ళలో చేసేది. పేట మొత్తం వినిపించేంత పొడుగ్గా చేసింది.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఉత్త చేతులతో రాలేదు. శుభానికి తీసుకెళ్ళే పెద్ద చక్కెర దిమ్మలు నీలం కాగితంలో చుట్టి, చంకన పెట్టుకుని పరుగున వచ్చారు. ఎన్నాళ్ళకి దేవుడు కళ్ళు తెరిచాడు, జుహైర్‌కి వచ్చిందా ఉద్యోగం అంటూ లల్లాని కావిలించుకున్నారు. నేను గోడకి అతుక్కుపోయాను. ఆ ప్రశ్న ఎవరూ అడగకుండా ఉంటే బాగుండనిపించింది. జుహైర్ టీ గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"వాడికి కాదు," అంది లల్లా బతూల్. "మా అమ్మాయికి."

ఆవిడకి ఆడపిల్లలు లేరని ఆ వీధిలో అందరికీ తెలుసు. హమాంలో ఒళ్ళు రుద్దే ఆవిడ, నోటిదురుసు మనిషి, తెచ్చిన చక్కెర దిమ్మని నా చేతుల్లో పెట్టి, మీ అమ్మ పిండి చేతులతో నా శాలువా పాడుచేసింది, ఉతికి పెట్టు అంది. జుహైర్ సుత్తి తెచ్చి దిమ్మ పగలగొట్టాడు. ఆ చక్కెరతోనే అందరం టీ తాగాం.